నీటిగండం, ఒంటిరెక్క

మీ గుమ్మం నుంచి దగ్గరలోని చెరువుకో కాలువకో ఎన్ని అడుగులో మీకు తెలుసు. మీ పిల్ల జాతకంలో ఏ గ్రహం ఏ ఇంట్లో కూర్చుందో కూడా తెలుసు. మరి ఆ పిల్లకు ఈత వచ్చా?

"మా అమ్మాయికి నీళ్ళంటే భయమండీ" అని మీరు మెత్తగా తప్పుకుంటారు. ఆ భయం ఎవరు పెట్టారని నేను అడుగుతాను. మీకు కోపం వస్తుంది. రానివ్వండి. ఈత వచ్చా అన్న ప్రశ్న నన్ను అడిగినప్పుడు నాకూ కోపమే వచ్చింది. అడిగింది మా అమ్మ. అప్పుడు నాకు నలభై ఎనిమిదేళ్ళు, ఏలూరు పక్కనే వట్లూరులో ఒక కాలేజీలో ఫిజిక్సు లెక్చరర్ని, జ్యోతిషం మీద చర్చ అంటే ఏ ఊరు పిలిచినా పరిగెత్తే మనిషిని. ఈత మాత్రం రాదు.

రాకపోవడానికి కారణం ఉంది. నేను పుట్టగానే నానమ్మ జాతకం రాయించింది. నీటిగండం ఉందన్నారు. మా ఊరు కైకలూరు దాటాక కొల్లేరు అంచున ఉంటుంది. నా చిన్నప్పుడు ఇంటికి మూడు పక్కలా వరిచేలు, నాలుగో పక్క కాలువ. నేను కాలేజీలో చేరే నాటికి ఆ చేలన్నీ చేపల చెరువులయ్యాయి. ఇలాంటి చోట పుట్టిన పిల్లకు నీటివల్ల ప్రాణభయం ఉందని నమ్మేవాళ్ళు మొట్టమొదట చెయ్యాల్సిన పనేమిటి? ఈత నేర్పాలి. మా వాళ్ళు నన్ను నీటికి దూరంగా ఉంచారు. గండం లేని మా తమ్ముడు ఐదో ఏట అరటిబోదె పట్టుకుని కాలువలో ఈత నేర్చాడు. గండం ఉన్న నేను గట్టుమీద వాడి చొక్కాకు కాపలా కాశాను. ఈ తప్పు మా నీళ్ళ ప్రాంతంలో ఇంటింటా ఉంది. దాన్ని జాగ్రత్త అంటారు.

దీనికి తోడు మా ఇంట్లో ఒక శాంతి. ఏటా నా పుట్టినరోజున అమ్మ చిటికెనవేలంత వెండి చేప చేయించి, నా తల చుట్టూ మూడుసార్లు తిప్పి, నీళ్ళలో వదిలేది. పిల్ల బదులు ఈ చేపను తీసుకోమని నీళ్ళకు అర్జీ. నేను ఏలూరులో ఉద్యోగంలో చేరాక కూడా మానలేదు. తల దొరక్కపోతే నా ఫొటో చుట్టూ తిప్పేది.

నేను పెద్దయ్యాక జాతకం చించేశాను. వేదికల మీద గ్రహాలను కడిగి ఆరేశాను. వస్తువు ఎందుకు తేలుతుందో ఇరవై ఏళ్ళు పిల్లలకు బోర్డుమీద బాణాలు గీసి చెప్పాను. ఈత ఎందుకు నేర్చుకోలేదని ఎవరైనా అడిగితే తీరిక లేదనేదాన్ని. అది అబద్ధమని ఒక జనవరి ఆదివారం తేలిపోయింది.

మా తమ్ముడి కూతురికి పన్నెండేళ్ళు. దానికీ నీటిగండం రాశారు. నాకు రాసినాయన కొడుకే రాశాడు, తండ్రి దగ్గర పని బాగానే నేర్చుకున్నట్టున్నాడు. ఆ ఏడు స్కూలు వార్షికోత్సవంలో దానికి జలకన్య వేషం ఇచ్చారు. మా మరదలు ఆన్‌లైన్‌లో తోక తెప్పించింది. నడుం దాకా బిగుతుగా పట్టే ఆకుపచ్చ మెరుపు గుడ్డ, అడుగున రెండు పాదాలూ కలిపి దూర్చే ఒకే ఒక ప్లాస్టిక్ రెక్క. స్టేజీ మీద బాగుంది. చప్పట్లు కొట్టారు.

మర్నాడు ఆదివారం నేను ఊళ్ళో మా వాళ్ళింట్లోనే ఉన్నాను. పిల్ల తోక పట్టుకుని వచ్చింది.

"అత్తా, చెరువు దగ్గర ఒక్క ఫొటో. నిజం నీళ్ళ దగ్గర."

"మీ నానమ్మ చూస్తే?"

"నువ్వున్నావుగా. నువ్వు గండాలు లేవంటావుగా."

ఆ మాటకు పొంగిపోయాను. రేవు మెట్టు మీద కూర్చుని తోక తొడుక్కుంది. నేను ఎదురుగా గట్టుమీద ఫోన్ పట్టుకుని నిలబడ్డాను. తోక కొస నీళ్ళలో పడాలని ఒక మెట్టు కిందికి జరిగింది. ఇంకో మెట్టు. ఆ మెట్టు మీద పాచి ఉంది.

చప్పుడు కూడా పెద్దగా కాలేదు. జారిపోయింది. ఒక్కసారి తల పైకొచ్చింది, నోరు తెరిచింది, మాట రాలేదు. కాళ్ళు రెండూ ఒక సంచిలో ఉన్నాయి, కొట్టుకోవడానికి లేదు. చేతులు మాత్రం నీళ్ళను తడుముతున్నాయి. నాకూ దానికీ మధ్య దూరం మా కాలేజీలో బల్లకూ బోర్డుకూ మధ్య ఉన్నంత. ఫోన్ నా చేతిలోనే ఉంది.

నేను దూకలేదు. "తమ్ముడూ!" అని అరిచాను.

వాడు చెరువుగట్టున తవుడు బస్తాలు దింపిస్తున్నాడు. లుంగీతో, జేబులో ఫోన్‌తో అలాగే దూకాడు. జడ పట్టుకుని లాగాడు. పిల్ల మెట్ల మీద పడి నీళ్ళు కక్కి, దగ్గి, చివరికి ఏడ్చింది.

ఆ మధ్యాహ్నం మా హాల్లో జరిగినంత చర్చ నా జీవితంలో ఏ సభలోనూ జరగలేదు.

"గండం ఉందే అంటే విన్నావా?" అంది అమ్మ. "పైగా నువ్వు ఫొటోలు తీస్తున్నావ్!"

"గండం కాదమ్మా. ఈత రాకపోవడం. వేసవి సెలవులకు పిల్లను నా దగ్గరికి పంపండి. నేర్పిస్తాను."

"నీకు ఈత వచ్చటే?"

అమ్మ అంతటితో వదల్లేదు. "రాదు. నీ కళ్ళెదుట పిల్ల మునుగుతుంటే అరిచావు. నేను వెండి చేప వదిలాను. నువ్వు ఉపన్యాసాలు వదిలావు. ఎవరిది పనికొచ్చిందే?"

"రెండూ పనికిరాలేదు. తమ్ముడి ఈత పనికొచ్చింది."

అప్పటిదాకా తల తుడుచుకుంటున్న తమ్ముడు నా వైపు తిరిగాడు. వాడు నెమ్మది మనిషి, గట్టిగా అరవడు. అందుకే వాడి మాట ఎక్కువ తగులుతుంది. "చూడక్కా. చెరువు వైపు తలుపుకి ఈ రోజు నుంచి తాళం. ఈత లేదు, గీత లేదు. నువ్వు అంతగా నేర్పాలనుకుంటే ముందు నువ్వు నేర్చుకో. దాన్లాగే కాళ్ళు రెండూ కలిపి తోక కట్టుకుని, ఇదే చెరువులో మునిగి, పైకెగిరి చూపించు. సెలవులు అయ్యేలోపు చూపిస్తే నేనే పంపిస్తాను. లేదంటే ఈ ఊసు ఇంకెప్పుడూ ఎత్తకూడదు."

"ఎందుకురా దాన్ని రెచ్చగొడతావ్? అది అన్నంత పనీ చేస్తుంది" అంది అమ్మ.

వంటింటి తలుపు పక్కన పిల్ల నిలబడి ఉంది. తువ్వాలు కప్పుకుని, నా మొహంలోకే చూస్తోంది. సరేనన్నాను.

ఏలూరులో నాకు కుదిరే వేళల్లో ఆడవాళ్ళకు నేర్పేవాళ్ళు దొరకలేదు. తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు కొలనులో పొద్దున పూట ఆడవాళ్ళ బ్యాచ్ ఉందని తెలిసింది. రోజూ తెల్లవారి రైలెక్కి, భీమడోలు, పుల్ల దాటి అక్కడ దిగేదాన్ని. నేర్పే అమ్మాయికి ముప్పై దాటి ఉంటాయి. చదువుకునే రోజుల్లో రెక్క కట్టుకుని ఈదే పోటీలకు వెళ్ళిందట. ఆమె గది గోడకు ఒక పెద్ద ఒంటిరెక్క వేలాడేది. పాదాలు దూర్చే రెండు రబ్బరు తొడుగులు పక్కపక్కనే అతికించి, కింద చేటకు రెండింతల వెడల్పున చేపతోకలా విచ్చుకున్న పలక. దాన్ని చూపించి నా పని చెప్పాను.

"చెరువులోనా అండీ? కాళ్ళు కట్టుకునా? మీరు చదువుకున్నవారేనా అండీ?"

"ఎమ్మెస్సీ."

"అదేనండి మరి" అంది. ఆ మాటకు అర్థమేమిటో ఇప్పటికీ అడగలేదు.

మొదటి రోజు నడుం లోతు నీళ్ళలో కడ్డీ పట్టుకుని నిలబడ్డాను.

"నీళ్ళలో మొహం పెట్టండి మేడమ్ గారూ."

"పెడతానమ్మా."

"ఎప్పుడండీ?"

పక్కన ఆరేళ్ళ పిల్ల ఒకతె బుడగలు ఊదుతూ, "ఏం కాదాంటీ, నేను కూడా నిన్ననే పెట్టాను" అంది. నా తల ఎప్పుడో జాతకాన్ని చించేసింది. నా మోకాళ్ళు మాత్రం దాన్ని నలభై ఎనిమిదేళ్ళు భద్రంగా దాచుకున్నాయి. నీళ్ళు గడ్డం తాకగానే వేళ్ళు కడ్డీని వదిలేవి కావు. నమ్మకం అంటే మనం ఒప్పుకునే మాట అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్ళూ. కాదు. చిన్నప్పుడు ఒంట్లో పెట్టేస్తారు దాన్ని. వాదన అక్కడికి చేరదు. రోజూ నీళ్ళలో దిగితేనే అది కొంచెం కొంచెంగా వదులుతుంది.

మొహం పెట్టడానికి నాలుగు రోజులు పట్టింది. తేలడానికి ఇంకో వారం. వెల్లకిలా పడుకున్నప్పుడు ఆమె నా నడుం కింద పెట్టిన అరచేతిని ఎప్పుడు తీసేసిందో నాకు తెలియలేదు. నేను బోర్డుమీద గీసిన బాణాలన్నీ నిజమేనని ఆ రోజు నా వీపుకు తెలిసింది. నెలన్నరకు కొలను ఒక చివరి నుంచి రెండో చివరికి ఆగకుండా ఈదాను. అప్పుడు మొదలైంది అసలు భయం.

ఒంటిరెక్కతో ఈదడమంటే కాళ్ళు ఆడించడం కాదు. చేతులు తలమీదికి చాచి, కదలిక ఛాతీ దగ్గర మొదలుపెట్టి, పొట్ట మీదుగా తొడలకు, అక్కడి నుంచి పాదాలకు పంపాలి. కొరడా విసిరినట్టు. రెక్క లేకుండానే ముందు రెండు వారాలు అది సాధన చేశాను. తర్వాత ఒక రోజు ఆమె రెక్క తెచ్చి ఒడ్డున పెట్టి, లోపల సబ్బునీళ్ళు రాసింది. పాదాలు రెండూ జారి బిగుసుకున్నాయి. ఇక నిలబడలేను. మెట్టెక్కలేను. పక్కకు ఒక్క అంగుళం జరగాలన్నా చేతులతో జరగాలి. నా కళ్ళ ముందు ఆ ఆకుపచ్చ గుడ్డ, పాచి మెట్టు, నీళ్ళను తడిమిన ఆ చిన్న చేతులు.

"తీసెయ్యమ్మా" అన్నాను.

"మీరే తియ్యండి. ఈ రోజు పాఠం అదేనండి. ఈదడం తర్వాత, ఎగరడం ఆ తర్వాత. ముందు విప్పుకోవడం రావాలి."

మోకాళ్ళు ఛాతీకి లాక్కోవాలి. చేతి బొటనవేలు మడమ వెనక తొడుగులోకి దూర్చాలి. ఒక పాదం ఊడితే రెండోది దానంతట అదే వదులవుతుంది. ఒడ్డున ఇరవైసార్లు చేయించింది. తర్వాత నీళ్ళలో. ఆ తర్వాత కళ్ళు మూసుకుని, నీళ్ళ అడుగున. కంగారుపడి తన్నుకుంటే ఒప్పుకునేది కాదు, మళ్ళీ మొదటికి. వారం రోజులు ఇదే. నాకు విసుగొచ్చింది. "ఎగరడం ఎప్పుడమ్మా?" అంటే, "విప్పుకోవడం మీ చేతులకొచ్చాకండి. బుర్రకొస్తే చాలదు" అనేది.

ఇంకా రెండు మూడు నియమాలు ఉండేవి ఆమెవి. ఒంటరిగా దిగకూడదు. గబగబా ఊపిరి పీల్చి మునగకూడదు, నీళ్ళలో తెలివి తప్పుతుంది. లేచే ముందు పైన ఎవరూ లేరని చూసుకోవాలి. ఏదీ దేవుడి పేరు మీద చెప్పలేదు. ప్రతిదానికీ కారణం చెప్పేది. నేను వాదించడానికి ఏమీ మిగిల్చేది కాదు.

ఇక ఎగరడం. లోతు వైపు అడుగుదాకా మునిగి, తల పైకి తిప్పి, చేతులు చాచి, మూడు దెబ్బలు బలంగా కొట్టాలి. మొదటిసారి నా ముక్కు మాత్రం పైకొచ్చింది. కొలనులో పిల్లలందరూ నవ్వారు. వారం తర్వాత భుజాలు. ఏప్రిల్ చివర ఒక పొద్దున నడుం దాకా గాలిలోకి లేచాను. కళ్ళలో నీళ్ళు కారుతుంటే అవతల గోడ మీద కాకి కనిపించింది. అంతే, పడిపోయాను. ఆ ఒక్క క్షణం నా ఒంటికి బరువు లేదు, జాతకం లేదు.

పిల్ల రోజూ సాయంత్రం ఫోన్ చేసేది.

"ఎంతదాకా లేచావత్తా?"

"నడుం దాకా."

"నాన్న మోకాళ్ళ దాకా అంటున్నాడు."

"మీ నాన్న అలా అనలేదే ఆ రోజు!"

"ఇప్పుడంటున్నాడు. నానమ్మేమో కొలనులో ఎగిరితే లెక్కలేదంటోంది. అది గంగమ్మ కాదట. మోటారు నీళ్ళట. గండం అక్కడికి రాదట." మళ్ళీ తనే, "అత్తా, నువ్వు ఎగరలేకపోతే చెప్పెయ్. నేను ఎదురుచూడ్డం మానేస్తాను" అంది.

ఓడిపోయే వాదనకు కొత్త షరతులు మొలుస్తాయి. ఇది నాకు వేదికల మీద తెలిసిన సంగతే. కానీ అక్కడ ఓడితే ఇంటికొచ్చి అన్నం తినేదాన్ని. ఇక్కడ ఓడితే ఈ పిల్ల చుట్టూ చెరువులున్న ఇంట్లో, ఈత రాకుండా పెద్దదవుతుంది. ఏదో ఒక రోజు తలుపు తాళం వెయ్యడం మరిచిపోతారు.

మే నెల మధ్యలో చేపలు పట్టేశారు. కొత్త చేపపిల్లలను ఇంకా వదల్లేదు. చెరువులో చేపల్లేవు, నీళ్ళు మాత్రం ఉన్నాయి. వస్తున్నామని కబురు చేశాను. నేర్పే అమ్మాయి ముందు రానంది, తర్వాత నన్ను ఒంటరిగా పంపలేక వచ్చింది. పొడవాటి తాడు, గాలి నింపిన ట్యూబు తెచ్చింది. గుడ్డ తోకను చూడగానే అవతల పెట్టించింది. ఒంటిరెక్క చాలంది. కాళ్ళు రెండూ కలిసి ఉండాలి, అంతే కదా అని తమ్ముడు ఒప్పుకున్నాడు.

ఆమె వెదురుగడతో అడుగు వెతికింది. ఎగరడానికి చాలినంత లోతు తూము దగ్గర గోతిలోనే ఉంది. మా చెరువుల్లో చేపల మేత చిల్లులున్న సంచుల్లో పోసి, నీళ్ళలో పాతిన కర్రలకు నైలాను తాళ్ళతో వేలాడదీస్తారు.

"ఆ కర్రలు, తాళ్ళు ఏమీ లేవుగదండీ?" అని ఆమె తమ్ముణ్ణి రెండుసార్లు అడిగింది.

"అన్నీ తీయించేశానండి. లేకపోతే వల ఎలా లాగుతాం?"

నిజమే. కానీ తూము గోతిలోకి వల పోదు. ఆ సంగతి నాకూ తమ్ముడికీ తెలుసు. ఇద్దరికీ ఆ నిమిషాన తోచలేదు.

అమ్మ పిడికిలి బిగించుకుని వచ్చింది. అందులో ఏముందో చూడకుండానే చెప్పగలను. "ఆ నల్లబట్టలేంటే, నిలువునా రబ్బరుగొట్టంలా? దా, ఒక్కసారి తల వంచు."

"అమ్మా, వద్దు."

"నీకోసం కాదే. నాకోసం."

"నీకోసమే వద్దంటున్నాను" అన్నాను. అంత కటువుగా అనక్కర్లేదు. అమ్మ మెట్ల మీద కూర్చుండిపోయింది. పిల్ల తన నానమ్మ పక్కన మోకాళ్ళు కావలించుకుని కూర్చుంది. గోళ్ళు కొరుకుతోంది.

నీళ్ళు కొలనులో లాగా లేవు. గోరువెచ్చగా, టీరంగులో, చాచిన చెయ్యి మోచేతి దగ్గరే మాయమైపోయేంత చిక్కగా ఉన్నాయి. నేర్పే అమ్మాయి నాకు బారెడు దూరంలో తేలుతూ ఉంది. మునిగాను. చీకటి. అరచేతికి మెత్తటి బురద తగిలింది. తిరిగాను, కొట్టాను, ఒకటి, రెండు, మూడు. వెలుతురు పగిలింది. నడుం దాకా లేచి పక్కకు పడ్డాను. పిల్ల చప్పట్లు వినిపించాయి.

"అయిపోయిందండి, వచ్చెయ్యండి" అంది ఆమె.

గట్టుమీద తమ్ముడు నవ్వీ నవ్వనట్టు నిలబడి, "మోకాళ్ళ దాకా అన్నానక్కా" అన్నాడు. ఇప్పుడు ఆలోచిస్తే వాడు సరదాకే అన్నాడు. అప్పటికే ఓడిపోయాడు. కానీ నేను చర్చల్లో పెరిగిన దాన్ని. చివరి మాట ఎదుటివాడికి వదిలే అలవాటు లేదు.

"ఇంకొక్కసారి" అన్నాను.

"వద్దండీ" అన్న ఆమె మాట సగమే విన్నాను.

ఈసారి ఇంకా లోతుకు, గోతి అడుగుదాకా పోయాను. తిరిగాను. మొదటి దెబ్బ కొట్టాను. రెండోది కొట్టబోతే రెక్క కదల్లేదు. ఎవరో కింద నుంచి పట్టుకున్నట్టు. ఇంకా గట్టిగా కొట్టాను. పట్టు బిగిసింది. రెక్క అంచుకు సన్నగా, గట్టిగా ఏదో చుట్టుకుంటోంది. తాడు. ఏ ఏటిదో మేతసంచి తాడు.

చెప్పడానికి సిగ్గుపడను. ఆ చీకట్లో నాకు మొదట గుర్తొచ్చింది ఫిజిక్సు కాదు. నానమ్మ గొంతు. నీటిగండం. ఒళ్ళంతా తన్నుకోమంటోంది. ఛాతీ బిగుసుకుపోతోంది. తన్నుకోవడం మొదలుపెట్టాను కూడా. అంతలో నా చేతులు, నన్ను అడక్కుండా, మోకాళ్ళను లోపలికి లాక్కున్నాయి. బొటనవేలు మడమ వెనక్కి పోయింది. తొడుగు ఊడలేదు. మళ్ళీ. బురద జారుడుకు వేలు తప్పింది. మళ్ళీ. ఎడమ పాదం ఊడింది. రెండోది దానంతట అదే వదులైంది. పైకి ఈదాను, మామూలు మనిషిలా, రెండు కాళ్ళతో. మునుగుతూ వస్తున్న ఆమె భుజం నా నుదుటికి కొట్టుకుంది. ఇద్దరం కలిసి పైకి తేలాం.

తమ్ముడు గుండెలోతు నీళ్ళలో ఉన్నాడు. మొహం తెల్లగా పాలిపోయింది. అమ్మ పిడికిలి తెరుచుకుని ఉంది, ఖాళీగా. నేను లోపలుండగా చేపను వదిలేసింది.

మెట్ల మీద కూర్చోబెట్టారు. పిల్ల దగ్గరికొచ్చి, "అత్తా, లోపల ఏం చేశావ్?" అంది. ఏడవలేదు. తెలుసుకోవడానికి అడిగింది. చెప్పాను. మోకాళ్ళు, బొటనవేలు, మడమ. అది నేలమీద కూర్చుని, లేని రెక్కను తన పాదాల నుంచి ఊడదీసి చూసుకుంది. "ముందు మోకాళ్ళు. తర్వాత వేలు. అంతేనా?"

"అంతే."

అమ్మ అదంతా చూస్తోంది. చివరికి అంది: "గండం వచ్చింది. నీళ్ళలోనే వచ్చింది, నీళ్ళలోనే గడిచింది. ఈత వచ్చిందిగనక గడిచింది." తర్వాత తమ్ముడి వైపు తిరిగింది. "దీనికీ అలాగే గడవాలేమోరా. నేర్పించు."

నా నోరు తెరుచుకుంది. గండం ఏమిటమ్మా, అది పాత తాడు! తీయించానని చూడకుండా చెప్పింది నీ కొడుకు, వద్దంటున్నా రెండోసారి దూకింది నీ కూతురు! ఇందులో గ్రహాల వాటా ఎంత? నా దగ్గర ఇరవై ఏళ్ళ సరుకు సిద్ధంగా ఉంది. నేర్పే అమ్మాయి తన తడికాలితో నా పాదాన్ని అదిమింది. పిల్ల నా వంక చూసింది. జనవరిలో తలుపు పక్క నుంచి చూసిన చూపే. "అత్తా, నువ్వేం మాట్లాడకు" అంది, మెల్లగా, నాకొక్కదానికే వినపడేలా.

నోరు మూసుకున్నాను. నా జీవితంలో జవాబు చెప్పకుండా వదిలేసిన వాదన అదొక్కటే. నీళ్ళలోంచి లేవడం కంటే అది కష్టమైంది.

మర్నాడు పొద్దున తమ్ముడు ఎవరికీ చెప్పకుండా దోనె వేసుకుని, వెదురుగడ, కొక్కెం పట్టుకుని తూము గోతిలో వెతికాడు. ఒంటిరెక్క దొరికింది. మూడు పాత తాళ్ళు దొరికాయి. వాటిని గట్టుమీద కుప్పగా పోశాడు. అమ్మ చూసేలా పోశాడో, నేను చూసేలా పోశాడో తెలియదు. ఇద్దరం చూశాం. ఆ సాయంత్రమే పిల్ల బట్టల సంచి కారులో పెట్టి ఏలూరులో మా ఇంటి దగ్గర దింపాడు. "దాని జడ విప్పి ఆరబెట్టక్కా, లేకపోతే జలుబు చేస్తుంది" అన్నాడు.

ఇప్పుడు మేమిద్దరం కలిసి తాడేపల్లిగూడెం రైలెక్కుతున్నాం. మొదటి రోజు, మొహం పెట్టమన్న మాట పూర్తికాకముందే అది నీళ్ళలో మొహం పెట్టేసింది. నాకు నాలుగు రోజులు పట్టిన పని. రెండో వారానికి తేలింది. గోడకున్న రెక్కను రోజూ చూస్తుంది, రోజూ అడుగుతుంది. ముందు మామూలు ఈత, తర్వాత విప్పుకోవడం, ఆ తర్వాతే కట్టుకోవడం అని ఆమె రోజూ అదే చెబుతుంది.

నేను చేసింది మాత్రం ఎవరూ చెయ్యకండి. కాళ్ళు కట్టుకుని, అడుగు కనపడని నీళ్ళలో, పంతం కోసం రెండోసారి దూకడం నిరూపణ కాదు. అమ్మ వదిలిన వెండి చేపకూ నా రెండో దూకుడుకూ పెద్ద తేడా లేదు. రెండూ చూసేవాళ్ళ కోసం చేసినవే. నన్ను బతికించింది వారం రోజులు విసుక్కుంటూ నేర్చుకున్న ఒక చిన్న పని.

కాబట్టి మీ పిల్లకు గండం ఉందో లేదో నేను మీతో వాదించను. ఉందంటారా, అయితే ఇంకా తొందరపడండి. లేదంటారా, అయినా నేర్పండి. నేర్పడం తెలిసిన మనిషిని వెతకండి. కొలను దూరమైతే రైలెక్కండి. మీకు రాకపోతే మీరూ పక్కన దిగండి, పిల్లలు నవ్వితే నవ్వనివ్వండి. జాతకం వదల్లేకపోతే దాన్ని చేతిలో పట్టుకుని గట్టుమీద కూర్చోండి. పిల్లను మాత్రం నీళ్ళలో దింపండి. ఈ ఆదివారమే దింపండి.